వాషింగ్టన్ అంటే బట్టలుతికే ఊరు కాదు

సంపాదకులకు నమస్కారం.

మీ ఆదివారం సంచిక పిల్లల పేజీలో ఇంగ్లిష్ ఇంటిపేర్ల మీద ఒక వ్యాసం వేశారు. మా అక్క కూతురు దాన్ని ఫొటో తీసి, "పిన్నీ, మీ ఊరి పేరు పేపర్లో పడింది చూడు" అని వాట్సాప్‌లో పంపింది. సంతోషంగా తెరిచి చదివాను. అందులో వాషింగ్టన్ అనే పేరును రెండు ముక్కలుగా విరిచి, 'వాష్' అంటే ఉతకడం, 'టన్' అంటే టౌన్, కాబట్టి ఒకప్పుడు బట్టలుతికేవాళ్లు ఉన్న ఊరు అని తేల్చేశారు. దాని కిందే మరో మాట: ఊరిపేరు ఇంటిపేరుగా ఉన్న ఇంగ్లిష్ కుటుంబాలన్నీ ఒకప్పుడు ఆయా ఊళ్లను ఏలిన దొరల కుటుంబాలట. మొదటిది శుద్ధ తప్పు. రెండోది వాషింగ్టన్ల విషయంలో కొంత నిజం, మిగతా చాలామంది విషయంలో తలకిందుల మాట. పిల్లలు కత్తిరించి నోట్‌బుక్‌లో అంటించుకునే పేజీ అది. అందుకే ఇంత పొడుగు ఉత్తరం రాస్తున్నాను.

నేను ఉండేది వాషింగ్టన్‌లోనే. అమెరికాలోది కాదు, ఇంగ్లండ్ ఈశాన్యాన వియర్ నది పక్కనున్న వాషింగ్టన్. పాత లెక్క ప్రకారం డర్హమ్ కౌంటీ, 1974 నుంచి సండర్లాండ్ కిందికి వచ్చింది. ఇది బొగ్గు గనుల ఊరు. 'ఎఫ్' పిట్ అనే గనిని 1968లో మూసేసినా దాని ఇంజన్ గదిని పడగొట్టకుండా ఉంచారు. 1964లో దీన్ని న్యూ టౌన్‌గా ప్రకటించి చుట్టూ కొత్త పేటలు కట్టారు. ఇక్కడ ఒక లైబ్రరీలో స్థానిక చరిత్ర పుస్తకాలు, పాత మ్యాపులు, చర్చి రిజిస్టర్ల నకళ్లు ఉండే విభాగం చూసుకోవడం నా ఉద్యోగం. కౌంటర్ దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామంది అడిగేది ఒకటే: "మా ఇంటిపేరు ఎక్కణ్ణుంచి వచ్చింది?" కాబట్టి ఈ విషయం నాకు రోజూ తగిలేదే.

ఊరిపేరు అర్థం చెప్పాలంటే ఇవాళ్టి స్పెల్లింగ్ చూసి చెప్పకూడదు. కాగితం మీద మొట్టమొదట ఆ పేరు ఎలా పడిందో వెతకాలి. ఇంగ్లండ్‌లో చాలా ఊళ్లకు ఆ మొదటి కాగితం 1086 నాటి డూమ్స్‌డే బుక్, అంటే రాజు చేయించిన భూముల సర్వే. కానీ ఆ సర్వే డర్హమ్ దాకా రాలేదు. ఇక్కడ బిషపే రాజుతో సమానంగా ఏలేవాడు. ఆ తర్వాత దాదాపు వంద ఏళ్లకు, 1183లో, బిషప్ హ్యూ పడ్సీ తన భూముల లెక్కలు రాయించుకున్నాడు. దాన్ని బోల్డన్ బుక్ అంటారు. ఏ ఊరి నుంచి ఎంత శిస్తు రావాలి, ఎవరు ఎన్ని రోజులు వెట్టి చేయాలి, ఎన్ని కోళ్లు, ఎన్ని గుడ్లు ఇవ్వాలి, అన్నీ అందులో ఉన్నాయి. మా ఊరి పేరు అందులో 'వాసింగ్టన', 'వెస్సింగ్టన్' లాంటి రూపాల్లో కనిపిస్తుంది. అక్కడ 'ష' ధ్వని లేదు. అది తర్వాతి కాలంలో వచ్చి చేరింది. అలాంటప్పుడు ఉతకడానికి చోటెక్కడిది?

ఊరిపేర్ల పండితులు దీన్ని మూడు ముక్కలుగా చదువుతారు. మొదటిది హ్వాస అనే మనిషి పేరు. ఫ్రాన్స్ నుంచి వచ్చి 1066లో ఇంగ్లండ్‌ను జయించిన నార్మన్లు రాకముందు, పాత ఇంగ్లిష్ మాట్లాడిన కాలం నాటి మనిషి. రెండోది 'ఇంగ్', ఫలానా మనిషికి చెందిన, అతని తాలూకు అని చెప్పే ముక్క. మూడోది 'టూన్'. మొదట్లో కంచె, తర్వాత కంచె వేసిన కమతం, ఆ తర్వాత ఆ కమతం చుట్టూ పెరిగిన పల్లె. ఇవాళ్టి టౌన్ అనే మాట కూడా దాన్నుంచి పుట్టిందే కాబట్టి మీ వ్యాసకర్త 'టన్' ముక్క దగ్గర సగం దారి సరిగానే నడిచారు. కానీ అప్పటికి అది పట్నం కాదు, నాలుగు ఇళ్లు, ఒక పెద్ద పొలం. మొత్తం కలిపితే హ్వాస తాలూకు కమతం. అతనెవరో, ఎలాంటివాడో చెప్పే కాగితం లేదు. పేరొక్కటే ఊరికి అంటిపెట్టుకుని మిగిలింది.

ఇంగ్లండ్‌లోనే ఇంకో వాషింగ్టన్ ఉంది. దక్షిణాన సస్సెక్స్‌లో, సున్నపురాయి కొండల కింద ఉండే చిన్న పల్లె. దాని పేరు 10వ శతాబ్దపు పత్రంలోనే 'వెస్సింగటున్' అని ఉంది. అక్కడి మూలపురుషుడు హ్వాస కాదు, వస్స అనే వేరే మనిషి. వస్స వాళ్లు ఉండే ఊరు అని అర్థం. రెండు మూలలా ఇద్దరు వేర్వేరు మనుషుల పేర్ల మీద పుట్టిన రెండు ఊళ్లు, నోళ్లలో నలిగి నలిగి చివరికి ఒకే స్పెల్లింగ్‌లో పడ్డాయి. అందుకే ఇంటిపేరు వాషింగ్టన్ అని ఎవరైనా చెప్పగానే "ఓహో, డర్హమ్ వాళ్లన్నమాట" అని నేను అనను. మీ పూర్వీకులు ఏ జిల్లాలో కనిపిస్తున్నారు అని ముందు అడుగుతాను.

ఇక ఊరిపేరు మనిషికి ఎలా అతుక్కుంది అనే సంగతి. ఈ భాగం నాకు ప్రాణం. బోల్డన్ బుక్‌లో మా ఊరి దగ్గర ఉన్న నాలుగు వరుసల సారాంశం ఇది. హార్ట్‌బర్న్ అనే ఊరికి చెందిన విలియం, ఆ ఊరిని బిషప్‌కు వదిలేసి, దానికి బదులుగా వెస్సింగ్టన్‌ను పుచ్చుకున్నాడు. చర్చి, చర్చి మాన్యం మాత్రం అతనికి చెందవు. ఏడాదికి 4 పౌన్లు కట్టాలి. బిషప్ పెద్ద వేటకు బయల్దేరినప్పుడు 4 గ్రేహౌండ్ కుక్కల్ని వెంటబెట్టుకుని హాజరవ్వాలి. ఈ పేజీ నకలు మా కౌంటర్ కింద ఫైల్లో ఉంటుంది. ఎన్నిసార్లు బయటికి తీసినా ఆ కుక్కల దగ్గర నా వేలు ఆగుతుంది. ఒక దేశాధ్యక్షుడి ఇంటిపేరు, ఒక రాజధాని పేరు, ఒక రాష్ట్రం పేరు, ఇవన్నీ నాలుగు వేటకుక్కలు, నాలుగు పౌన్ల ఒప్పందం దాకా వెనక్కి వెళ్తాయి.

గమనించండి, ఆ వరుసలో అతను విలియం డి హార్ట్‌బర్న్. హార్ట్ అంటే మగ దుప్పి, బర్న్ అంటే వాగు. వెస్సింగ్టన్‌కు మారాక అతను విలియం డి వెస్సింగ్టన్ అయ్యాడు. పిల్లలూ ఆ పేరే మోశారు. మనిషి అతనే, రక్తం అదే, భూమి మారింది కాబట్టి పేరు మారింది. అప్పటికి దొరల ఇళ్లలో కూడా ఇంటిపేరు అంటే పుట్టుకతో వచ్చి చచ్చేదాకా ఉండేది కాదు. ఏ నేల చేతిలో ఉంటే ఆ నేల పేరు. 'డి' అనేది నార్మన్లు తెచ్చిన ఫ్రెంచ్ ముక్క, 'ఫలానా ఊరి' అని అర్థం. తరాలు గడిచేకొద్దీ ఆ 'డి' రాలిపోయి ఒట్టి ఊరిపేరు మిగిలింది. ఆ ఊళ్ల మార్పిడి బేరం కుదరకపోయి ఉంటే అమెరికా మొదటి అధ్యక్షుడు జార్జ్ హార్ట్‌బర్న్ అయ్యేవాడేమో.

ఈ కుటుంబం వరకు మీ వ్యాసకర్త మాట నిజమే. వాళ్లు ఆ ఊరి దొరలే. కానీ ఇంగ్లండ్‌లో ఊరిపేర్లు ఇంటిపేర్లుగా ఉన్న జనంలో అలాంటివాళ్లు కొద్దిమంది. మిగతావాళ్లకు ఆ పేరు ఆ ఊళ్లో ఉన్నందుకు రాలేదు, ఆ ఊరు వదిలి వచ్చినందుకు వచ్చింది. ఇది కొంచెం ఆలోచిస్తే తేలిపోతుంది. వాషింగ్టన్‌లో ఉన్న జాన్‌ను ఊళ్లోవాళ్లు 'వాషింగ్టన్ జాన్' అని పిలవరు. అక్కడ అందరూ వాషింగ్టన్ వాళ్లే. అతన్ని కమ్మరి జాన్ అంటారు, పొట్టి జాన్ అంటారు, విల్ కొడుకు జాన్ అంటారు. అదే జాన్ పనికోసం డర్హమ్ పట్నానికి వెళ్తే, అక్కడ ఉన్న పదిమంది జాన్‌లలో ఇతన్ని గుర్తుపట్టడానికి 'వాషింగ్టన్ నుంచి వచ్చిన జాన్' అంటారు. ఊరిపేరు ఇంటిపేరైన కుటుంబాలు మన దగ్గరా ఉన్నాయి కాబట్టి ఇది పాఠకులకు చప్పున అర్థమయ్యే విషయమే.

దీనికి అబ్రహం లింకన్ కన్నా మంచి ఉదాహరణ దొరకదు. లింకన్ అనేది ఇంగ్లండ్‌లో పెద్ద కెథడ్రల్ ఉన్న నగరం. అయితే 1637లో అమెరికా ఓడెక్కిన అతని పూర్వీకుడు శామ్యూల్ లింకన్ లింకన్ నగరవాసి కాదు. నార్ఫోక్‌లో హింగమ్ అనే ఊరివాడు. అంతకు ఎన్నో తరాల ముందు ఎవరో ఒకరు లింకన్ వదిలి బయటికి వెళ్లినప్పుడు పుట్టిన పేరు అది. ఆ పేరు ఇచ్చింది లింకన్ జనం కాదు, అతను చేరిన ఊరి జనం. ఏలుబడికీ ఆ పేరుకూ సంబంధమే లేదు.

1379లో రాజుగారి తలపన్ను వసూలు చేసినప్పటి జాబితాలు యార్క్‌షైర్ పడమటి భాగమైన వెస్ట్ రైడింగ్‌వి చాలావరకు మిగిలాయి. వాటిలో దొరలూ ఉన్నారు, రైతులూ ఉన్నారు, పనివాళ్లూ పనికత్తెలూ ఉన్నారు. 4 పెన్నీలు మాత్రమే కట్టగలిగిన బీదవాళ్ల పేర్ల వెనక కూడా 'డి' ఫలానా ఊరు అని ఉంటుంది. ఏలినవాళ్లకు మాత్రమే ఊరిపేరు దక్కుతుందనే మాట ఆ జాబితా ముందు నిలబడదు. మరో సంగతి, ఆ కాలానికి ఉత్తరాదిన మామూలు జనంలో ఇంటిపేరు ఇంకా గట్టిపడలేదు. తండ్రికి ఒక పేరు, కొడుక్కి ఇంకో పేరు ఉండటం సాధారణం. దక్షిణాదిన కొంచెం ముందు, ఉత్తరాదిన 15వ శతాబ్దం నాటికి తండ్రి పేరే బిడ్డలకు దిగడం స్థిరపడింది. ఇక 1538లో ప్రతి చర్చిలో బాప్తిస్మాలు, పెళ్లిళ్లు, ఖననాలు రిజిస్టర్లో రాయాలని ఎనిమిదో హెన్రీ రాజు మంత్రి థామస్ క్రాంవెల్ ఉత్తర్వు వేశాక మనం ఒక్కో కుటుంబాన్ని పట్టుకుని వెనక్కి నడవగలుగుతున్నాం.

ఊరే అక్కర్లేదు, చెట్టూ పుట్టా చాలు. కొండ దగ్గర ఇల్లున్నవాడు హిల్, అడవి పక్కవాడు వుడ్ లేదా ఎట్‌వుడ్. నాష్ అనే పేరు నాకు చాలా ఇష్టం. ఆష్ చెట్టు దగ్గర ఉండేవాణ్ణి 'ఎటెన్ ఆష్' అనేవారు, అంటే ఆష్ చెట్టు దగ్గరివాడు. ఆ 'ఎటెన్' చివరి 'న'కారం జారి ఆష్‌కు అతుక్కుని నాష్ అయింది. ఉత్తరాదిన రామ్స్‌బాటమ్, వింటర్‌బాటమ్ లాంటి పేర్లు వినపడితే, బాటమ్‌కు పిర్ర అనే అర్థమే తెలిసిన బయటివాళ్లు నవ్వుతారు. అక్కడ బాటమ్ అంటే లోయ అడుగుభాగం, అంతే. సటన్ అంటే దక్షిణపు ఊరు, నార్టన్ అంటే ఉత్తరపు ఊరు, న్యూటన్ అంటే కొత్త ఊరు. ఇలాంటి పేర్లున్న ఊళ్లు దేశమంతా బోలెడు. కాబట్టి ఇద్దరు న్యూటన్లు ఎదురుపడితే వాళ్లు చుట్టాలు అనుకోవడానికి ఏ ఆధారమూ లేదు.

దీనికి ఎదురు ఉదాహరణ కూడా చెప్పాలి, లేకపోతే నా మాట ఒకవైపే వాలిపోతుంది. యార్క్‌షైర్‌లో సైక్స్ అనే ఇంటిపేరు చాలా ఎక్కువ. సైక్ అంటే పొలాల మధ్య పారే చిన్న కాలువ. అలాంటి కాలువలు అడుగడుగునా ఉంటాయి కాబట్టి ఈ పేరు పదిచోట్ల పదిమందికి విడివిడిగా వచ్చి ఉంటుందని అందరూ అనుకునేవారు. జన్యుశాస్త్రవేత్త బ్రయన్ సైక్స్ తన ఇంటిపేరువాళ్లనే పరీక్షకు తీసుకున్నాడు. తండ్రి నుంచి కొడుక్కి మాత్రమే దిగే వై క్రోమోజోమ్‌ను 48 మంది సైక్స్‌లలో చూస్తే 21 మందిలో ఒకే రకం కనిపించింది. 2000లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. వాళ్లంతా ఎప్పుడో ఒకే మనిషి నుంచి దిగి ఉండాలని ఆయన తేల్చాడు. మిగతావాళ్ల సంగతో? మధ్యలో పెంపకాలు, తల్లి పేరు పెట్టుకోవడాలు, ఇంకా ఎన్నో ఉంటాయి. అంటే పేరు ఒకటైనంత మాత్రాన రక్తం ఒకటి కానక్కర్లేదు, ఒకటి కాకూడదనీ లేదు. ఒక్కో కుటుంబానికి కాగితాలు చూసే చెప్పాలి.

కాగితాలు చూడటానికి ఓపిక లేనివాళ్లకు అమ్మే సరుకు ఒకటుంది. షాపింగ్ సెంటర్లలో స్టాల్ పెట్టి, ఇంటిపేరు చెప్పగానే కంప్యూటర్ నొక్కి 'మీ వంశచిహ్నం' అని ఒక డాలు బొమ్మ ఫ్రేము కట్టి ఇస్తారు. మా లైబ్రరీకి ఆ ఫ్రేము సంచీలో పెట్టుకుని వచ్చి, "మా పూర్వీకుల కోట ఎక్కడుంది?" అని అడిగిన గని కార్మికుడి మనవణ్ణి చూశాను. అతని మొహం చూసి నాకు చాలా బాధేసింది. ఇంగ్లండ్ చట్టంలో వంశచిహ్నం ఇంటిపేరుకు చెందదు. అది ఒక మనిషికి ఇస్తారు, అతని వారసులకు దిగుతుంది. అదే పేరున్న పక్కింటివాడికి దానిమీద హక్కు లేదు. ఆ తాతగారు నేల కింద బొగ్గు తవ్విన గని ఏదో, అతను ఏ వీధిలో ఉన్నాడో జనగణన కాగితాల్లో చూపించాను. ఫ్రేము కన్నా అదే ఎక్కువ విలువైనదని నేను నమ్ముతాను.

వాషింగ్టన్లకు మాత్రం నిజంగా చిహ్నం ఉంది. తెల్ల డాలు మీద రెండు ఎర్ర అడ్డపట్టీలు, వాటిపైన మూడు ఎర్ర నక్షత్రాలు. యార్క్‌షైర్‌లోని సెల్బీ ఆబీ అనే పాత మఠం చర్చి కిటికీ గాజులో ఇది కనిపిస్తుంది. 1938లో వాషింగ్టన్ డీసీ తన జెండాగా పెట్టుకున్నది కూడా దీన్నే. అమెరికా జాతీయ జెండాలోని చారలూ చుక్కలూ ఇందులోంచే వచ్చాయని ఇక్కడ చాలామంది గర్వంగా చెబుతారు. దానికి రుజువు లేదు, నేనైతే సందర్శకులకు ఆ మాట చెప్పను.

కుటుంబం ఆ తర్వాత ఎటు నడిచిందో క్లుప్తంగా చెబుతాను. ఇక్కడి పెద్ద శాఖలో మగసంతానం ఆగిపోయి ఆస్తి ఆడపిల్ల పెళ్లి ద్వారా వేరే ఇంటికి వెళ్లింది. ఈ పేరువాడే జాన్ వెస్సింగ్టన్ 1416 నుంచి 1446 వరకు డర్హమ్ కెథడ్రల్ మఠానికి ప్రయర్‌గా, అంటే మఠాధిపతిగా ఉన్నాడు. ఇంకో శాఖ పడమటివైపు లాంకషైర్‌లోని వార్టన్‌కు చేరింది. ఆ శాఖలోని లారెన్స్ వాషింగ్టన్ ఉన్ని వ్యాపారం చేసి నార్తాంప్టన్ మేయర్ అయ్యాడు. ఎనిమిదో హెన్రీ మఠాలను మూసేసి వాటి భూములు అమ్ముతున్నప్పుడు 1539లో సల్‌గ్రేవ్ అనే ఊరి మేనర్, అంటే దొరగారి భూములు, కొన్నాడు. అతని వంశంలో మరో లారెన్స్ ఎసెక్స్‌లోని పర్లీ చర్చికి గురువు. రాజుకూ పార్లమెంటుకూ మధ్య అంతర్యుద్ధం నడిచిన కాలంలో, 1643లో, రాజు పక్షంవాళ్లను తొలగించేటప్పుడు తాగుడు నింద వేసి అతన్నీ తీసేశారు. బతుకు చితికిపోయిన ఆ ఇంటి కొడుకు జాన్ పొగాకు వ్యాపారపు ఓడలో వర్జీనియా వెళ్లి 1657లో అక్కడే ఉండిపోయాడు. జార్జ్ వాషింగ్టన్ ఆ జాన్‌కు మునిమనవడు. 1732లో పుట్టాడు. అంటే జార్జ్ పుట్టేనాటికి ఆ కుటుంబం మా ఊరు వదిలి కొన్ని వందల ఏళ్లు దాటింది. సల్‌గ్రేవ్ పేరు మాత్రం తిరిగి ఇక్కడికి వచ్చింది. న్యూ టౌన్ పేటల్లో ఒకదాన్ని సల్‌గ్రేవ్ అనే పిలుస్తాం.

ఆ కుటుంబం ఒకప్పుడు ఉన్న చోటనే నిలిచిన, మా ఊళ్లోని ఓల్డ్ హాల్ గురించి కూడా వ్యాసంలో ఒక్క మాట లేదు. చర్చి గుట్ట కిందున్న ఆ రాతి ఇల్లు ఎక్కువభాగం 17వ శతాబ్దపు కట్టడం. వంటగదికీ పెద్ద హాలుకూ మధ్య ఉన్న రాతి ఆర్చీలు మాత్రం అంతకన్నా చాలా పాతవి. 19వ శతాబ్దంలో దాన్ని గదులుగా విడగొట్టి కూలి కుటుంబాలకు అద్దెకిచ్చారు. ఒక్కో గదిలో ఒక్కో సంసారం. 1930ల్లో మనుషులు ఉండటానికి పనికిరాదని తేల్చి కూల్చబోతుంటే ఫ్రెడ్ హిల్ అనే స్థానిక బడిపంతులు 1936లో కమిటీ పెట్టి అడ్డుపడ్డాడు. 1955లో అమెరికా రాయబారి వచ్చి తెరిచాడు, 1957లో పాత కట్టడాలను కాపాడే నేషనల్ ట్రస్ట్ సంస్థ చేతికి వచ్చింది. 1977 మే నెలలో అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ ఇక్కడికి వచ్చి చెట్టు నాటాడు. జూలై 4న ఇక్కడ ఏటా వేడుక చేస్తారు. నా లెక్కలో వీళ్లందరిలో పెద్దవాడు ఆ పంతులుగారే. ఆయన లేకపోతే రాయబారికీ అధ్యక్షుడికీ వచ్చి చూడటానికి ఏమీ మిగిలేది కాదు.

ఓల్డ్ హాల్ చూసి మా లైబ్రరీకి వచ్చిన ఒక పెద్దావిడ గురించి చెప్పకుండా ఈ ఉత్తరం ముగించలేను. అమెరికా దక్షిణాది నుంచి మనవరాలితో వచ్చింది. నల్లజాతి ఆవిడ. ఇంటిపేరు వాషింగ్టన్. బోల్డన్ బుక్ నకలు ఇస్తే కళ్లజోడు సర్దుకుని, ఆ నాలుగు వరుసలూ మనవరాలి చేత పైకి చదివించింది. హ్వాస అనే పేరు కాగితం మీద రాయించుకుని, ఎలా పలకాలో రెండుసార్లు అడిగింది. ఆ తర్వాత నెమ్మదిగా అంది: "ఈ విలియం మాకేమీ కాడు. మా తాతల్లో ఒకాయన బానిసత్వం పోయిన తర్వాత ఈ పేరు తనంతట తాను పెట్టుకున్నాడు. అది ఎక్కణ్ణుంచి వచ్చిందో చూద్దామని వచ్చాం."

అమెరికాలో 2000 జనగణన ప్రకారం వాషింగ్టన్ ఇంటిపేరువాళ్లు సుమారు 1,63,000 మంది. వాళ్లలో దాదాపు 90 శాతం నల్లజాతివాళ్లు. జార్జ్ వాషింగ్టన్‌కు సొంత పిల్లలు లేరు. ఇంతమందికి ఈ పేరు రక్తం ద్వారా రాలేదని చెప్పడానికి వేరే లెక్కలు అక్కర్లేదు. బుకర్ టి. వాషింగ్టన్ బానిస తల్లికి పుట్టాడు. చిన్నప్పుడు అతనికి ఇంటిపేరే లేదు. బడిలో చేరిన రోజు టీచర్ హాజరు పిలుస్తుంటే మిగతా పిల్లలందరికీ రెండేసి పేర్లు ఉన్నాయని గమనించి, తన వంతు రాగానే బుకర్ వాషింగ్టన్ అని చెప్పేశాడు. ఆ సంగతి ఆయనే తన ఆత్మకథలో రాసుకున్నాడు. 1881లో టస్కీగీ విద్యాసంస్థకు తొలి అధిపతి అయిన మనిషి ఆయన. హ్వాస కమతం అనే అర్థం ఆ పేరులో ఉంది, నిజమే. కానీ ఆ పిల్లవాడు హాజరు పట్టీలో ఆ పేరు రాయించుకున్న క్షణంలో దానికి వచ్చిన అర్థం ఇంకొకటి. అందులో హ్వాసా లేడు, విలియమూ లేడు. ఇంటిపేర్ల మీద పిల్లలకు రాసేటప్పుడు మాట పుట్టుక ఎంత ముఖ్యమో, ఆ మాటను ఎవరు ఎందుకు తీసుకున్నారన్నదీ అంతే ముఖ్యమని నా గట్టి అభిప్రాయం. మీ వ్యాసంలో అమెరికా వాషింగ్టన్లు అంటే ఒక్క జార్జే కనిపించాడు. అది నన్ను అన్నిటికన్నా ఎక్కువ బాధపెట్టింది.

దయచేసి సవరణ వేయండి. ఎక్కడో మూల పెట్టెలో కాకుండా అదే పిల్లల పేజీలో వేయండి, ఎందుకంటే తప్పు చదివింది ఆ పిల్లలే. ఎక్కువ రాయనక్కర్లేదు: వాషింగ్టన్ అంటే హ్వాస అనే మనిషి తాలూకు కమతం, 1183 ప్రాంతంలో ఆ ఊరిని పొందిన విలియం కుటుంబం ఆ పేరు తీసుకుంది, ఊరిపేరు ఇంటిపేరుగా ఉన్న మిగతావాళ్లలో ఎక్కువమంది ఆ ఊరిని ఏలినవాళ్లు కాదు, అక్కణ్ణుంచి వచ్చినవాళ్లు, అమెరికాలో ఈ పేరున్నవాళ్లలో అత్యధికులు బానిసత్వం నుంచి బయటపడిన కుటుంబాలవాళ్లు. ఈ నాలుగు ముక్కలు చాలు. వ్యాసం పక్కన వేసిన చాకిరేవు బొమ్మ తీసేసి ఓల్డ్ హాల్ ఫొటో పెట్టదలిస్తే నేను తీసి పంపిస్తాను. బోల్డన్ బుక్ పేజీ నకలు కూడా స్కాన్ చేసి ఇస్తాను. మీ వ్యాసకర్తకు ఏ సందేహం ఉన్నా నాకు రాయమనండి, తప్పకుండా జవాబిస్తాను.

ఇట్లు
మీ పాఠకురాలు,
వాషింగ్టన్, ఇంగ్లండ్